చదువు కాపురాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఏప్రిల్ నెల వచ్చిందంటే రచ్చబండ మీద, బస్సుల్లో, పెళ్లిపందిట్లో ఒకే మాట వినపడుతుంది: "పిల్లోణ్ని ఆరుకు యాడ చేర్పిస్తాండారు?" ఐదో తరగతి పూర్తయిన బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఇదే చర్చ. ఊళ్లోనే ఉంచాలా, మండలం హైస్కూలుకు బస్సులో పంపాలా, హాస్టల్లో వేయాలా, ఇల్లే ఎత్తుకుని పట్నంలో బాడుగ కాపురం పెట్టాలా? నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో సోషల్ టీచరుగా, తర్వాత హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరయ్యాను. అందుకని ఈ ప్రశ్న తిన్నగా నా ఇంటికే వస్తుంది. ఈ మధ్య ముద్దనూరు వైపు నుంచి నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. నాలుగెకరాల చీనీ తోట, ఇద్దరు పిల్లలు. "మేడమ్, తోట నేను చూసుకుంటా, మా ఇంటామెను పిల్లలను ప్రొద్దుటూరులో పెడదామనుకుంటాండా. తప్పా, ఒప్పా చెప్పండి" అన్నాడు.

అది ఒక్క మాటలో తేలేది కాదు. ఇంగ్లీషు మీడియం పిచ్చి ముదిరి జనం ఊళ్లు ఖాళీ చేస్తున్నారని పెద్దవాళ్లు కోప్పడతారు. ఆ కోపంలో నేను పాలు పంచుకోలేను. పది పన్నెండేళ్ల పిల్లలు చదువు కోసం ఇల్లు వదలడం మా జిల్లాలో కనీసం రెండు వందల ఏళ్లుగా జరుగుతోంది. దానికి కాగితం మీద సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం చదివాక నాకు ఈ విషయం మీద ఉన్న అభిప్రాయమే మారింది.

నిజాం ఈ సీమను 1800లో ఈస్టిండియా కుంపిణీకి వదిలేశాడు. ఆ ఏడు నుంచి 1807 వరకు దత్తమండలాలని పేరుపడ్డ ఈ సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై వచ్చి, 1822 జూన్‌లో కలెక్టర్లందరికీ ఒక ఉత్తర్వు పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏ కులాల వాళ్లు, ఆడపిల్లలెందరు, ఏం చదువుతున్నారు, లెక్క తీసి పంపమన్నాడు. కడప జిల్లా లెక్కలో 494 బడులు తేలాయి. అవన్నీ వీధి బడులే. అరుగు మీదనో చెట్టు కిందనో ఇసుకలో అక్షరాలు దిద్దించి, ఎక్కాలు, నాలుగు పద్యాలు, పద్దులు రాయడం నేర్పే బడులు. అంతవరకు చదువు ఊళ్లో దొరికేది. అంతకు మించి కావాలంటే?

కడప కలెక్టరు 1825 ఫిబ్రవరిలో పంపిన నివేదిక సరిగ్గా ఇక్కడే ఆగి, ఒక సంగతి విడమరిచి చెప్పింది. సర్కారు గానీ చందాలు గానీ నడిపే పెద్ద బడులు జిల్లాలో లేవు. కానీ పేద బ్రాహ్మణ కుర్రాళ్లు పది నుంచి పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలి, ఉచితంగా పాఠం చెప్పే పండితుడు ఎక్కడుంటే అక్కడికి పోతున్నారు. పది మైళ్ల నుంచి నూరు మైళ్ల దాకా పోతున్నారు. కొన్నేళ్ల దాకా తిరిగి వచ్చే ఆలోచన లేకుండానే పోతున్నారు. పాఠం చెప్పే మనిషి కూడా పేదవాడే, తిండి పెట్టలేడు. ఆ పిల్లలను బతికించేది ఆ ఊరి జనం. ముక్కూ మొహం తెలియని పిల్లలకు రోజూ ఇంటింటా అన్నం పెట్టి, ఏళ్ల తరబడి పోషిస్తున్నారని కలెక్టరు ఆశ్చర్యపోతూ రాశాడు.

పది నుంచి పదహారు. అంటే ఇవాళ్టి లెక్కలో ఆరు నుంచి పది తరగతులు. రెండు వందల ఏళ్ల కిందట కూడా మా పల్లెల్లో చదువు తెగిపోయే చోటు ఇదే. అక్షరాలు ఊళ్లో, అసలు చదువు ఊరి బయట. వారాలు చేసుకుని చదివిన తాతల కథలు తెలుగునాట చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. ఆ ఏర్పాటు ఒక కులం మగపిల్లలకే ఉండేదన్నది మరవకూడదు. కాపు పిల్లలు పద్దులతో సరిపెట్టుకునేవాళ్లు, ఆడపిల్లలు లెక్కలో చాలా తక్కువ, మాల మాదిగ పిల్లలకు ఆ అరుగు మీద చోటే లేదు. అయినా ఒక సంగతి నన్ను వదలదు. ఆ పిల్లవాడి వెంట తల్లి మూటాముల్లె కట్టుకుని పోలేదు. చేరిన ఊరే వాణ్ని మోసింది.

మన్రోకు ఈ లెక్కలన్నీ చేరాక 1826 మార్చి 10న ఒక ప్రతిపాదన రాశాడు. ప్రతి జిల్లాకు పెద్ద బడులు, ప్రతి తాలూకాకు ఒక తహసీల్దారీ బడి. జిల్లా బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తాలూకా బడి పంతులుకు 9 రూపాయలు జీతం. జమ్మలమడుగుకు ఒకటి, ప్రొద్దుటూరుకు ఒకటి, పులివెందులకు ఒకటి అన్నమాట. మరుసటి ఏడు జులైలో, దత్తమండలాలను చివరిసారి చూసిపోదామని వచ్చిన మన్రో పత్తికొండ దగ్గర కలరా తగిలి చనిపోయాడు. ఆ బడులను మనసు పెట్టి నడిపినవాళ్లు తర్వాత లేరు. 1836లో తహసీల్దారీ బడులను ఎత్తేశారు. పిల్లవాడి ఇంటికి ఒక్క రోజు నడక దూరంలో నడిమి తరగతుల చదువు పెట్టాలన్న మొదటి సర్కారీ ప్రయత్నం పదేళ్లకే ముగిసింది. మా ప్రాంత చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే తేదీల్లో ఇదొకటి. కోటలు పడిపోయిన తేదీలు పిల్లలకు బట్టీ వేయించాం గానీ దీన్ని ఏ పాఠంలోనూ చెప్పలేదు.

ఆ ఖాళీలోకి మిషన్లు వచ్చాయి. లండన్ మిషన్ వాళ్లు 1822 నాటికే కడపలో ఉన్నారు. పెన్నా ఒడ్డున జమ్మలమడుగు వాళ్లకు ముఖ్యమైన ఠాణా అయింది. 1890ల్లో డాక్టర్ క్యాంబెల్ మొదలుపెట్టిన ఆసుపత్రి ఇవాళ్టికీ ఆయన పేరుతోనే ఉంది. ఆసుపత్రి పక్కన బడి, బడి పక్కన బోర్డింగు. అరుగు మీద చోటు దొరకని పిల్లలు మొదటిసారి ఇల్లు వదిలి చదువుకోగలిగింది ఇలాంటి బోర్డింగుల్లోనే. నా సర్వీసులో మొదటి తరం దళిత టీచర్లను చాలామందిని చూశాను. వాళ్ల తాతో, అవ్వో ఎక్కడో ఒకచోట మిషన్ బోర్డింగులో గంజి తాగి చదివిన మనిషై ఉండేవారు. బాడుగ కట్టే స్తోమత లేని ఇంటికి బోర్డింగే పట్నం కాపురం.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం వచ్చేసరికి సర్కారు బడుల్లోనూ రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి ఎలిమెంటరీ, దాని మీద హయ్యర్ ఎలిమెంటరీ. ఎనిమిది దాకా చదివి ఇ.ఎస్.ఎల్.సి. పరీక్ష రాస్తే పల్లె బడిలో పంతులు ఉద్యోగం దాకా పోవచ్చు. రెండోది ఫస్టు ఫారం నుంచి సిక్స్తు ఫారం దాకా నడిచే హైస్కూలు. ఇంగ్లీషు, ఎస్.ఎస్.ఎల్.సి., ఆపైన కాలేజీ, కలెక్టరు కచేరీలో ఉద్యోగం, అన్నీ ఈ దారిలో. ఈ రెండో దారి గేటు ఫస్టు ఫారం దగ్గరుంది, ఆ గేటు ఉన్నది పట్నంలో. ఐదు కాగానే తండ్రి నిర్ణయం తీసుకోవాల్సిందే. ఆలస్యమైతే కొడుకు ఇంగ్లీషులో వెనకబడతాడు, ఫీజు కట్టి చేర్చినా నిలదొక్కుకోలేడు. "ఆరుకు యాడ?" అన్న ప్రశ్న మా ఇళ్లలో పాతుకుపోయింది అప్పుడే.

ప్రొద్దుటూరు ఎందుకు అంతగా లాగింది? నీళ్లు, డబ్బు. కర్నూలు–కడప కాలువ కింద పొలాలు, పత్తి వ్యాపారం, తర్వాత బంగారం అంగళ్లు. రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరు. 1915 నాటికే మునిసిపాలిటీ అయింది. చేతిలో డబ్బు ఆడే ఊళ్లో మంచి పంతుళ్లు నిలుస్తారు. జమ్మలమడుగు తాలూకా నెమళ్లదిన్నెలో పుట్టిన గడియారం వేంకట శేషశాస్త్రి గారు, జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని గారు, ఇద్దరూ ప్రొద్దుటూరు చేరినవాళ్లే. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు కూడా అక్కడ కొన్నేళ్లు పంతులుగా ఉన్నారు. అలాంటి మనుషులు తిరిగే ఊళ్లో కొడుకును చదివించాలని ఏ తండ్రికి ఉండదు? మంచి బడి అంటే ఆ రోజుల్లో మంచి అయ్యవారు. బిల్డింగు ఎవరూ అడిగేవాళ్లు కాదు.

పులివెందుల కథ వేరు. అది మెట్ట సీమ. చెనిక్కాయ, జొన్న, వానను నమ్ముకున్న బతుకు. ముద్దనూరుకో కొండాపురానికో పోయి మద్రాసు–బొంబాయి రైలెక్కితే గుత్తి, గుంతకల్లు మీదుగా బళ్లారి చేరొచ్చు. అందుకే డబ్బున్న ఇళ్ల చూపు బళ్లారి మీద ఉండేది. అది అప్పట్లో మన దత్తమండలాల్లోదే, అక్కడ తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ నడిచేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. గీత మారినా అలవాటు వెంటనే మారలేదు. 1949లో జమ్మలమడుగులో పుట్టిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారి బడి చదువు బళ్లారి సెయింట్ జాన్స్‌లోనే జరిగింది. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక ఆయన గురించి జనం ఎంతో రాశారు గానీ, ఆ తరంలో పులివెందుల పిల్లవాడు హైస్కూలు కోసం రాష్ట్రమే దాటాల్సి వచ్చిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అంత దూరం పోలేని వందల మంది ఏమయ్యారన్నది అసలు చరిత్ర.

వాళ్లలో కొందరి సంగతి నాకు తెలుసు, ఎందుకంటే మా ఇల్లూ అందులో ఉంది.

మాది పులివెందుల తాలూకాలో ఒక చిన్న పల్లె. ఊళ్లో ఐదు దాకా ఉండేది. 1960ల చివర్లో మా అన్నను ఆరుకు ప్రొద్దుటూరులో చేర్చాలని నాయన నిర్ణయించాడు. అమ్మ ఎనుములను, కూలోళ్లను వదిలి కదలలేదు. మా జేజి (అవ్వ) తోడు పోతుందన్నారు. జేజికి చూపు ఆనదు, నీళ్లు తేవడానికి, పొయ్యి రాజేయడానికి ఒక ఆడపిల్ల కావాలి. అట్లా నన్ను పంపించారు. నా చదువు గురించి ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనుకోలేదు. ఒంటి గది, ముందు వసారా, పంచన పొయ్యి. ఇంటి యజమానురాలు నాలుగు రోజులు చూసి జేజితో అంది: "పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఈ పిల్ల ఊరికే కూర్చునే కదా అవ్వా, వీధి చివరే ఆడపిల్లల బడి ఉంది, వేయకూడదా?" జేజి నాయనకు కబురు చేసింది. నాయన సరేనన్నాడు. అన్న ఎస్.ఎస్.ఎల్.సి. దాకా వచ్చి వ్యవసాయంలోకి దిగాడు, నేను టీచరునయ్యాను. నా ఈడు టీచర్లు కలిసినప్పుడు మాట్లాడుకుంటే, తమ్ముడికి అన్నం వండడానికి వచ్చి బళ్లో చేరినవాళ్లు, అన్నకు తోడుగా వచ్చి చదువుకున్నవాళ్లు నాలాగే కనిపిస్తారు. మగపిల్లవాడి కోసం పెట్టిన కాపురాల్లో ఆడపిల్లల చదువు ఇలా దొడ్డిదారిన దూరింది. దీన్ని ఏ నివేదికా లెక్క కట్టలేదు.

కాపురం పెట్టలేని ఇళ్లు పిల్లలను రూముల్లో ఉంచేవి. ముగ్గురు నలుగురు కలిసి ఒక గది. వాళ్లకు అన్నం ఊరి నుంచి బస్సులో వచ్చేది. ఇది ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తెల్లారి మొదటి బస్సు వచ్చేసరికి అమ్మలు క్యారియర్లు పట్టుకుని ఊరి ముందు నిలబడేవాళ్లు. మూడు గిన్నెల సత్తు క్యారియర్. కింద గిన్నెలో సంగటో అన్నమో, నడిమి గిన్నెలో పప్పు, పై గిన్నెలో ఊరిమిండో చెనిక్కాయల పొడో. గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించి ఉండేది. మూత ఊడకుండా పాత చీర ముక్కతో గట్టిగా కట్టేవాళ్లు, ఆ గుడ్డ రంగును బట్టి పిల్లలు తమ క్యారియర్‌ను దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లు. కండక్టర్ వాటిని డ్రైవరు పక్కన ఇంజను బానెట్ చుట్టూ వరసగా సర్దేవాడు. ఆ వేడికి అన్నం చల్లారేది కాదు. ప్రొద్దుటూరు బస్టాండులో పిల్లలు బడికి పోయే ముందు కాచుకుని ఉండి తీసుకునేవాళ్లు, సాయంత్రం ఖాళీ గిన్నెలు తిరుగు బస్సులో వేసేవాళ్లు. కొన్నిసార్లు ఖాళీ గిన్నెలో చీటీ ఉండేది: ఫీజు కట్టాలి, జ్వరం వచ్చింది, నోటుబుక్కులు అయిపోయాయి. బస్సు రాని రోజు పిల్లలు పస్తుండకుండా పక్క రూము వాళ్లు పంచుకునేవాళ్లు. ఆ డ్రైవర్లకు, కండక్టర్లకు ఈ పనికి జీతంలో పైసా రాలేదు. మా సీమలో ఒక తరం చదువును మోసినవాళ్లలో వాళ్ల పేరు ముందు రాయాలి.

1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక హైస్కూళ్లు మెల్లగా పల్లెల వైపు కదిలాయి. సోషల్ వెల్ఫేర్ హాస్టళ్లు పెరిగాయి. 1970ల మొదట్లో అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో రాయలసీమ పిల్లల కోసం గురుకుల విద్యాలయం మొదలైంది. పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటే తిండి, బట్ట, చదువు అన్నీ సర్కారువే. "కొడిగెనహళ్లి సీటొచ్చిందంట" అంటే ఊరంతా ఆ ఇంటికి వచ్చి పలకరించేవాళ్లు. 1986 తర్వాత నవోదయలు తోడయ్యాయి. ఇవి మంచి బడులు, నా విద్యార్థులను చాలామందిని నేనే తయారుచేసి పంపాను. కానీ ఒకటి గమనించండి. ప్రతి ఊరి నుంచీ చురుకైన ఒక్క పిల్లను ఏరి తీసుకుపోయే పద్ధతి ఇది. మిగిలిన ముప్పై మంది అదే యూపీ స్కూల్లో, సగం ఖాళీ పోస్టులతో ఉండిపోతారు.

నేను పనిచేసిన ఒక హైస్కూల్లో జిల్లా బోర్డు కాలం నాటి అడ్మిషన్ రిజిస్టర్లు బీరువా అడుగున ఉండేవి. చెదలు కొట్టిన అంచులు, నల్ల సిరా గోధుమ రంగుకు తిరిగింది. వేసవి సెలవుల్లో కూర్చుని అవి తిరగేసేదాన్ని. అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు, ఇంతకుముందు చదివిన బడి, చివర్న "బడి వదిలిన తేదీ, కారణం". ఆ చివరి గడిలో మా ప్రాంత చరిత్ర ఉంది. చాలామందికి "చదువు మానినాడు" అని ఉంటుంది. కొందరికి "పై చదువు". తర్వాతి కాలంలో "తండ్రి బదిలీ" అన్న మాట ఎక్కువైంది. ఆ తండ్రి పేరు పక్కన వృత్తి చూస్తే వ్యవసాయం. భూమి ఉన్న రైతుకు బదిలీ ఎక్కడిది! కాపురం పట్నానికి మారిందని గుమాస్తా అలా రాసుకున్నాడు.

ఇంకో రకం పేజీలు ఉన్నాయి. ఒకే ఊరి నుంచి, ఒకే వారంలో, వరసగా ఏడెనిమిది టీసీలు. కారణం గడి ఖాళీ. ఊళ్లో గొడవ జరిగిన ఏడు అది. ఫ్యాక్షన్ గురించి సినిమాలు చాలా తీశారు. మా టీచర్లకు అది ఎట్లా తెలిసేదంటే సోమవారం హాజరు పిలిచినప్పుడు సగం బెంచీలు ఖాళీగా ఉండటం వల్ల. మగవాళ్లు పరారీలో, ఆడవాళ్లు పిల్లలను తీసుకుని ప్రొద్దుటూరుకో కడపకో పోయేవాళ్లు. ఊరి పేరు అడిగితే చెప్పని వీధుల్లో ఇల్లు తీసుకునేవాళ్లు. అందరూ చదువు కోసం వచ్చామనే చెప్పేవాళ్లు. నిజంగానే వాళ్లలో చాలామంది పిల్లలు బాగా చదివి బెంగుళూరు, హైదరాబాదు చేరారు, ఊరికి తిరిగి రాలేదు. ఆ తల్లుల నిర్ణయాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కత్తులున్న ఇంట్లో నుంచి పిల్లవాణ్ని బడి పేరు చెప్పి బయటికి తెచ్చిన ఆడవాళ్లు మా సీమలో శాంతికి చేసింది ఏ శాంతి సభ కన్నా ఎక్కువని నా నమ్మకం.

1980లు, 90ల్లో కాన్వెంట్లు వచ్చాయి. ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది కాబట్టి మార్కుల పోటీ ఆరులోనే మొదలయ్యేది. ప్రొద్దుటూరులో సందు సందుకూ బోర్డు వెలిసింది. ఊరి నుంచి వచ్చే కాపురాల రూపం కూడా అప్పుడే స్థిరపడింది. తండ్రి ఊళ్లో, తల్లి పిల్లలు పట్నంలో. ఆదివారం నాన్న బస్సులో మూటతో దిగుతాడు: జొన్నపిండి, చెనిగ నూనె, మునక్కాయలు. తిరిగిపోయేటప్పుడు బాడుగ డబ్బు చేతిలో పెట్టిపోతాడు. ఊళ్లో ఆయన చేతి వంట, ఇక్కడ ఆమె ఒంటరితనం. కరువు ఏడాది బాడుగ కోసం గాజులు తాకట్టు పెట్టినవాళ్లు నాకు తెలుసు. బంగారం అంగళ్ల ఊళ్లో చదువు కోసం తాకట్టు పడిన బంగారం ఎంతో ఎవరూ లెక్క చెప్పలేరు. 1825లో ఊరు మోసిన భారం, మధ్యలో మిషన్ బోర్డింగు, బంధువుల ఇల్లు, బస్సు కండక్టరు, సర్కారు హాస్టలు తలా కొంచెం మోసిన భారం, ఇప్పుడు దాదాపు మొత్తం ఒక్క తల్లి నెత్తి మీదికి వచ్చింది. ఈ రెండు వందల ఏళ్లలో నాకు కనిపించే అసలు మార్పు ఇదే.

తల్లి ఇల్లు మార్చడం మన ఒక్కరి కథ కాదు. చైనా తత్త్వవేత్త మెన్షియస్ తల్లి కొడుకు చదువు కోసం మూడుసార్లు కాపురం మార్చిందని అక్కడివాళ్లు ఇవాళ్టికీ చెప్పుకుంటారు. మొదట శ్మశానం పక్క, తర్వాత సంత పక్క, చివరికి బడి పక్క. అమెరికాలో ఉన్న మా పిల్లలు చెప్పేదీ ఇదే. అక్కడ ఏ వీధిలో ఇల్లుంటే ఆ డిస్ట్రిక్టు సర్కారు బడిలోనే సీటు, అందుకని మంచి బడి ఉన్న వీధిలో ఇళ్ల ధర పైపైకి పోతుంది. ప్రొద్దుటూరు నుంచి డాలస్ దాకా పోయినవాళ్లు కూడా ఇల్లు కొనేముందు బడి ర్యాంకు చూస్తున్నారు. మన దేశంలో 1964–66 నాటి కొఠారి కమిషన్ దీనికి విరుగుడు చెప్పింది. పేదా గొప్పా తేడా లేకుండా పిల్లలంతా తమ పేటలోని ఒకే బడిలో చదవాలంది. ఆ మాట అమలు కాలేదు.

ఈ మధ్య కాలంలో మా పల్లె బడులు మారిన మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నాడు–నేడు పథకం కింద చాలా బడులకు గోడలు, మరుగుదొడ్లు, తాగునీళ్లు వచ్చాయి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు అచ్చువేసి ఇస్తున్నారు. అది నాకు నచ్చిన పని. తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకాలు ప్రభుత్వాలు మారినా పేరు మార్చుకుని సాగుతున్నాయి. 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు మాత్రం ఊళ్లలో గందరగోళం రేగింది. ఎనిమిదేళ్ల పిల్లను రోడ్డు దాటించలేని ఇళ్లు, ఎట్లాగూ బయటికి పంపాలి కదా అని ప్రైవేటు వ్యాన్ ఎక్కించాయి. తర్వాతి ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది, కానీ వ్యానెక్కిన పిల్లలు చాలామంది తిరిగి రాలేదు. చిన్న ఊరి బడి ఒకసారి పలచబడితే మళ్లీ నిండటం కష్టం. పిల్లలు తగ్గారని పోస్టు తీసేస్తారు, టీచరు లేడని మిగిలిన పిల్లలు పోతారు.

2008లో మా జిల్లాలోనే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ పెట్టాక ఇంకో లెక్క మొదలైంది. పది తర్వాత నేరుగా ఆరేళ్ల ఇంజనీరింగు చదువు. హాస్టలు లేని సర్కారు బడిలో చదివిన పిల్లలకు ప్రవేశంలో అదనపు వెసులుబాటు ఉంది, గ్రేడు పాయింట్ల రోజుల్లో అది 0.4. వినడానికి చిన్న అంకె. సీటు దగ్గర అదే ఇటా అటా తేలుస్తుంది. ఊరి హైస్కూల్లో చదివి ఇడుపులపాయకు పోయిన పిల్లలు నా చేతి కింద ఉన్నారు, వాళ్లలో ఆడపిల్లలు ఎక్కువ. ఆ తల్లులు ఎవరూ ఇల్లు మార్చలేదు.

కాబట్టి నన్ను అడిగిన ఆ రైతుకు నేను చెప్పింది ఇది. ముందు నీ ఊరి దగ్గరి హైస్కూలుకు పోయి గోడల రంగు చూడొద్దు, టైం టేబుల్ చూడు. లెక్కలకు, సైన్సుకు, ఇంగ్లీషుకు మనుషులున్నారా, రోజూ వస్తున్నారా? ముగ్గురూ ఉంటే కదలొద్దు. ఇంట్లో అమ్మానాన్నా ఇద్దరూ ఉన్న పిల్లకు, సాయంత్రం పక్కన కూర్చుని ఈరోజు ఏం చెప్పారమ్మా అని అడిగే మనిషి ఉన్న పిల్లకు ఆరు, ఏడు, ఎనిమిది ఎక్కడ చదివినా నిలబడే బలం వస్తుంది. ఆ టీచర్లు లేకపోతే, రోజూ పోయి వచ్చే దూరంలో వాళ్లున్న బడి ఏదో వెతుకు. 2016 నుంచి ఎర్రగుంట్ల–నంద్యాల రైలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా తిరుగుతోంది, బస్సు పాసులున్నాయి. అదీ కుదరకపోతేనే కాపురం. పెడితే కొడుకుతో పాటు కూతురినీ అదే బడిలో వేయి, ఒకరికి కాన్వెంటు ఒకరికి ఊరి బడి అనొద్దు. ఎనుములు, తోట నీవు చూసుకుంటావు సరే, నీ భార్య పట్నంలో ఏం చేస్తుంది, ఎవరితో మాట్లాడుతుంది అన్నది కూడా ముందే ఆలోచించు. ఆమెను కూర్చోబెట్టి అడిగావా అన్నాను. అడగలేదన్నాడు. మళ్లీ ఇద్దరూ కలిసి రమ్మన్నాను.

ఇది చదివే తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు–లెక్కలకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ప్రతి 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది చదివే బడి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని నిబంధనల్లో ఉంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. ఈ కమిటీ సమావేశాలకు వచ్చి సంతకం పెట్టి పోయేవాళ్లను చూశాను, ఖాళీ పోస్టు గురించి తీర్మానం రాయించినవాళ్లను చాలా తక్కువ చూశాను. టీసీ అడగడానికి ముందు ఒక్కసారి ఆ సమావేశానికి పొండి. లెక్కల టీచరు కావాలని తీర్మానం రాయించి, అందరూ సంతకాలు పెట్టి, ఎంఈవోకు, డీఈవోకు పంపండి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే మళ్లీ పంపండి.